పెడలు ఆగని సైకిలు, గేర్లు మారే సైకిలు

మూడేళ్ళ పిల్లవాడు మూడు చక్రాల బండి తొక్కుతూ ఉంటే ఎప్పుడైనా శ్రద్ధగా చూచారా? ఆ బండికి చైను ఉండదు. పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే బిగించి ఉంటాయి. చక్రం తిరిగితే పెడలు తిరుగుతుంది. పెడలు ఆగితే చక్రం ఆగుతుంది. ఎవరైనా వెనుకనుంచి బండిని గట్టిగా తోస్తే పెడళ్ళు గిరగిర తిరిగిపోతాయి. వాటితో సమానంగా కాళ్ళు ఆడించలేక పిల్లవాడు రెండు కాళ్ళూ పైకెత్తి కేరింతలు కొడతాడు. అదే వాకిట్లో వాడి అన్న రెండు చక్రాల సైకిలు మీద తిరుగుతున్నాడనుకొందాం. అతడు కొంతసేపు తొక్కి కాళ్ళు కదపకుండా కూర్చుంటాడు. పెడళ్ళు ఆగిపోయినా సైకిలు టిక్ టిక్‌మని చప్పుడు చేస్తూ ముందుకు సాగిపోతుంది.

తమ్ముని బండిలో చక్రమూ పెడలూ ఒకదానినొకటి విడువవు. అన్న సైకిలులో పెడలు చక్రాన్ని త్రిప్పగలదు గాని, చక్రం పెడలును త్రిప్పలేదు. ఇక గేర్ల సైకిలులో ఈ సౌకర్యంతోపాటు మరొకటి కూడా ఉన్నది. పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం ఎన్ని చుట్లు తిరగాలో నడిపేవాడే నిర్ణయించుకోవచ్చును.

తమ్ముని బండి పద్ధతిలో నడిచే పెద్దవారి సైకిళ్ళు కూడా ఉన్నాయంటే మీరు ఆశ్చర్యపడవచ్చును. వెనుక పళ్ళచక్రాన్ని హబ్బుకు కదలకుండా బిగించిన ఇటువంటి సైకిలును ఫిక్స్‌డు గేరు సైకిలు అంటారు. మనం దీనిని స్థిర గేరు సైకిలు అందాం. సైకిలు పందేలకు ప్రత్యేకంగా కట్టిన మైదానాలలో ఈనాటికీ వాడేది ఇదే. పెద్ద నగరాలలో కొందరు యువకులు దీనిని రోడ్లమీద కూడా నడుపుతున్నారు. గేర్లు బలహీనులకే గాని, కాళ్ళలో సత్తువ ఉన్నవానికి స్థిర గేరే చాలునని వారిలో కొందరి మాట. మరోవైపు, గేరు మారిస్తే సైకిలుకు బలం పెరుగుతుందని చాలామంది విద్యార్థులు అనుకొంటారు. ఈ రెండు మాటలలో నిజమెంతో లెక్కవేసి చూద్దాం.

పళ్ళ లెక్క

సైకిలుకు ముందు పెడళ్ళతో తిరిగే పెద్ద పళ్ళచక్రమూ, వెనుక చిన్న పళ్ళచక్రమూ ఉంటాయి. ముందుదానికి 48 పళ్ళు, వెనుకదానికి 16 పళ్ళు ఉన్నాయనుకొందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే చైను 48 పళ్ళమేర జరుగుతుంది. ఆ 48 పళ్ళు వెనుక చక్రం మీదుగా పోవాలంటే అది మూడు చుట్లు తిరగాలి. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లయితే, పెడలు చుట్టు ఒకటికి సైకిలు 6.3 మీటర్లు ముందుకు పోతుంది. ఈ దూరాన్ని మనం ఆ గేరు యొక్క ‘అంగ’ అని పిలుచుకొందాం.

ఈ అంగను పెంచుకొనడానికే చైను పుట్టింది. చైను వాడుకలోకి రాకముందు, 1870 ప్రాంతాలలో, ఐరోపాలో పెద్ద ముందు చక్రమున్న ఎత్తు సైకిళ్ళు ఉండేవి. పిల్లల బండిలో వలెనే వాటికి పెడళ్ళు ముందు చక్రానికే ఉండేవి. ఎక్కువ వేగం కావాలంటే చక్రాన్ని పెద్దదిగా చేయడం తప్ప మార్గం లేదు. కాని ఎక్కి కూర్చునే మనిషి కాలు అందాలి గదా! అందుచేత చక్రం సుమారు ఒకటిన్నర మీటరు వ్యాసానికి మించలేకపోయింది. మన లెక్కలోని సైకిలు చక్రపు వ్యాసం సుమారు 67 సెంటీమీటర్లు. పళ్ళ నిష్పత్తి 3 కనుక, అది రెండు మీటర్ల వ్యాసమున్న ఎత్తు సైకిలుతో సమానం. అంత ఎత్తు చక్రం మీద కాళ్ళు చాపి తొక్కగల మనిషి లేడు. 1885లో ఇంగ్లండులోని కావెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలు చిన్న చక్రాలతో, వెనుక చక్రానికి చైనుతో ఈ చిక్కును తీర్చింది. నేటి మన సైకిళ్ళన్నీ దాని సంతతివే.

ఫ్రీవీలు చేసే ఉపకారం

చైను వచ్చినా మొదట వెనుక పళ్ళచక్రం హబ్బుకు బిగించే ఉండేది. సైకిలు కదిలినంతసేపూ కాళ్ళు ఆడుతూ ఉండవలసినదే. ఈ బంధాన్ని ఒకవైపు మాత్రం విప్పినది ఫ్రీవీలు. దాని లోపల రంపపు పళ్ళవంటి గాళ్ళు, వాటికి ఆనుకొని స్ప్రింగు నొక్కిపట్టిన చిన్న నాలుకలు ఉంటాయి. పెడలు తొక్కినపుడు నాలుక గాడిలో చిక్కి చక్రాన్ని త్రిప్పుతుంది. కాళ్ళు ఆపినపుడు చక్రం ముందుకు తిరుగుతూ ఉంటే, నాలుక ఒక్కొక్క పంటి వీపు మీదుగా జారి మరొక గాడిలో పడుతుంది. మనం వినే టిక్ టిక్ శబ్దం అదే. నూతి గిలక మీద బరువు వెనుకకు జారకుండా అడ్డుపడే పళ్ళచక్రాన్ని చూచినవారికి ఈ ఏర్పాటు వెంటనే బోధపడుతుంది.

స్థిర గేరు సైకిలులో ఈ నాలుకలు లేవు. కాబట్టి చక్రం కాలును వదలదు.

గేరు బలాన్ని ఇస్తుందా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మనిషి, సైకిలు కలిసి 80 కిలోల బరువు ఉన్నాయనీ, ఆ మనిషి ఆయాసపడకుండా 150 వాట్ల సామర్థ్యంతో తొక్కగలడనీ అనుకొందాం. వాట్ అనగా సెకనుకు ఒక జౌలు పని. ఈ సామర్థ్యం మనిషిది, సైకిలుది కాదు. ఏ సైకిలు ఎక్కినా అతని వద్ద ఉన్నది 150 వాట్లే.

మొదట సమతలమైన రోడ్డు. గాలి లేని దినాన, తిన్నగా కూర్చుని తొక్కేవానికి టైర్ల ఒరపిడీ, గాలి అడ్డమూ కలిసి సెకనుకు 6.7 మీటర్ల వేగం వద్ద సుమారు 22.5 న్యూటన్ల నిరోధం కలిగిస్తాయి. ఈ రెంటిని గుణిస్తే 150 వాట్లు వస్తుంది. కాబట్టి అతడు గంటకు 24 కిలోమీటర్ల వేగంతో పోగలడు. 6.3 మీటర్ల అంగగల స్థిర గేరు సైకిలు మీద ఇందుకు నిమిషానికి 64 చుట్లు తొక్కాలి. ఒక్కొక్క చుట్టుకు చేసే పని 142 జౌళ్ళు. పెడలు క్రాంకు పొడవు 17 సెంటీమీటర్లయితే, కాలు ఒక చుట్టులో నడిచే దూరం 1.07 మీటర్లు. పనిని దూరంతో భాగిస్తే సగటున 132 న్యూటన్లు, అనగా సుమారు 13 కిలోల బరువు మోపినంత ఒత్తిడి. ఇది ఎవరికైనా హాయిగా ఉండే లయ. ఇక్కడ గేర్ల సైకిలు ఎక్కినవాడు కూడా ఇటువంటి గేరునే ఎన్నుకొంటాడు. సమతలంలో రెంటికీ భేదం లేదన్నమాట.

ఇప్పుడు ఎక్కుడు వచ్చింది. నూరు మీటర్ల దూరానికి 5 మీటర్లు లేచే వాలు అనుకొందాం. 80 కిలోల బరువును ఆ వాలు మీద ఎక్కించడానికి 39 న్యూటన్లు కావాలి. ఒరపిడినీ గాలినీ కలుపుకొంటే సుమారు 50 న్యూటన్లు. మన 150 వాట్లతో సెకనుకు 3 మీటర్లు మాత్రమే ఎక్కగలం. అనగా గంటకు 11 కిలోమీటర్ల లోపు. ఈ వేగం గేరును బట్టి మారదని గమనించండి. అది బరువునుబట్టి, వాలునుబట్టి, సామర్థ్యాన్నిబట్టి నిర్ణయమై పోయింది.

మరి గేరు మార్చేదేమిటి? స్థిర గేరు సైకిలు మీద ఒక చుట్టుకు 6.3 మీటర్లు పోవాలి కనుక, చుట్టుకు 315 జౌళ్ళ పని చేయాలి. కాలి మీద సగటు ఒత్తిడి 30 కిలోలకు చేరుతుంది. నిమిషానికి చుట్లు 29కి పడిపోతాయి. 30 కిలోలు సగటు మాత్రమే. పెడలు పైన, క్రింద ఉన్నపుడు కాలు దాదాపు ఏ పనీ చేయదు కనుక, పెడలు సమాంతరంగా ఉండే మధ్యభాగంలో ఒత్తిడి దీనికి సుమారు రెట్టింపు ఉండాలి. అంటే 65 కిలోల మనిషి దాదాపు తన బరువంతా ఒక్కొక్క కాలి మీద మార్చి మార్చి మోపాలి. అతడు సీటు మీదనుంచి లేచి, హ్యాండిలు పట్టుకొని, ఒక్కొక్క మెట్టు ఎక్కుతున్నట్లు తొక్కడం ఇందుకే.

గేర్ల సైకిలు మీద ఉన్నవాడు చైనును ముందు 36 పళ్ళ చక్రానికీ, వెనుక 27 పళ్ళ చక్రానికీ మార్చుకొన్నాడనుకోండి. అతని అంగ 2.8 మీటర్లు. చుట్టుకు చేయవలసిన పని 140 జౌళ్ళు. కాలి మీద సగటు ఒత్తిడి 13 కిలోలు. నిమిషానికి చుట్లు 64. ఈ అంకెలను సమతలపు అంకెలతో పోల్చి చూడండి. రెండూ ఒక్కటే! రోడ్డు ఎక్కుడైనదని కంటికి తెలిసింది, వేగానికి తెలిసింది. కాలికి మాత్రం తెలియలేదు.

గేరు బలాన్ని సృష్టించదు, పనిని తగ్గించదు. అది దూరాన్ని ఇచ్చి ఒత్తిడిని తగ్గిస్తుంది. కొండ ఎక్కడానికి కావలసిన మొత్తం పని రెండు సైకిళ్ళ మీదా సమానమే. స్థిర గేరువాడు దానిని కొద్ది పెద్ద ముక్కలుగా చేస్తాడు. గేర్ల సైకిలువాడు ఎక్కువ చిన్న ముక్కలుగా చేస్తాడు. బావిలోనుంచి నీరు తోడేటపుడు పెద్ద బొక్కెనతో పదిసార్లు తోడినా, చిన్న చేదతో ఇరవై సార్లు తోడినా తొట్టి నిండడానికి నీరు ఒక్కటే కావాలి. కాని చేతులు ఏ పద్ధతిలో తొందరగా అలసిపోతాయో తోడినవారికి తెలుసు.

కాలు కూడా ఒక యంత్రమే

పని ఒక్కటే అయినపుడు ముక్కలు ఎట్లా ఉంటేనేమి అని అడగవచ్చును. దీనికి సమాధానం యంత్రశాస్త్రంలో లేదు, కండరంలో ఉన్నది. బ్రిటిషు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఏ. వి. హిల్ 1938లో కండరం కుంచించుకొనే వేగానికీ, అది ఇవ్వగల బలానికీ గల సంబంధాన్ని కొలిచి చూపాడు. కండరం ఎంత నెమ్మదిగా కుంచించుకొంటే అంత ఎక్కువ బలాన్ని ఇస్తుంది. వేగం పెరిగినకొద్దీ బలం తగ్గుతుంది. మిక్కిలి వేగంగా కుంచించుకొన్నపుడు బలం ఏమీ మిగలదు.

సామర్థ్యం బలమూ వేగమూ గుణించగా వచ్చేది. గోడను శక్తికొద్దీ నెట్టేవాని బలం గొప్పదే గాని, గోడ కదలదు కనుక సామర్థ్యం సున్న. గాలిలో వట్టినే కాలు ఆడించేవాని వేగం గొప్పదే గాని, నిరోధం లేదు కనుక అక్కడా సామర్థ్యం దాదాపు లేదు. ఈ రెంటికీ మధ్య ఒకచోట సామర్థ్యం హెచ్చుగా ఉంటుంది. మామూలుగా తొక్కేవారికి నిమిషానికి 60 నుండి 80 చుట్ల వరకు, పందెగాళ్ళకు 80 నుండి 100 చుట్ల వరకు ఉండే లయ అనుకూలమని అనుభవం చెబుతున్నది. మోటారు కారు ఇంజను కూడా ఇట్లాంటిదే. దానికీ ఒక వేగపు పరిధిలోనే మంచి పని జరుగుతుంది కనుక గేరుపెట్టె అవసరమైంది.

రోడ్డు ఎక్కుడు దిగుళ్ళతో, ఎదురుగాలులతో మారుతూ ఉంటుంది. కాలు మాత్రం ఒకే లయను కోరుతుంది. మారే రోడ్డుకూ, మారడం ఇష్టంలేని కాలుకూ నడుమ ఉండి రాజీ కుదిర్చేది గేరు. స్థిర గేరులో ఈ మధ్యవర్తి లేదు. రోడ్డు ఎట్లా ఉంటే కాలు అట్లా మారాలి.

చక్రం కాలును మోస్తుందా?

స్థిర గేరు సైకిలు తొక్కేవారు ఒక విశేషం చెబుతారు. పెడలు సరిగా పైన లేక క్రింద ఉన్నపుడు కాలు నొక్కినా ఫలం ఉండదు. వీటిని నిర్జీవ స్థానాలు అనవచ్చును. స్థిర గేరులో తిరుగుతున్న చక్రమే చైనును లాగి, కాలును ఆ స్థానాలు దాటిస్తుంది. కాలితో త్రొక్కే కుట్టుమిషనులో పెద్ద చక్రం చేసే పని ఇదే. అందువల్ల తొక్కడం గుండ్రంగా, సాఫీగా సాగుతుందని వారి అనుభవం. ఈ అనుభవం నిజమే. కాని ఇది ఉచితంగా వచ్చిన శక్తి కాదు. కాలును దాటించడానికి ఖర్చయిన శక్తి సైకిలు గతిజశక్తిలోనుంచి తీసినదే. దానిని తిరిగి కాలే పూడ్చాలి.

ఆ నిల్వ ఎంతో చూద్దాం. సమతలంలో సెకనుకు 6.7 మీటర్ల వేగం వద్ద 80 కిలోల బరువుకు గతిజశక్తి సుమారు 1800 జౌళ్ళు. చుట్టుకు 142 జౌళ్ళు చొప్పున అది పన్నెండు చుట్లకు పైగా సరిపోయే నిల్వ. అందులోనుంచి ఒకటి రెండు జౌళ్ళు అప్పు తీసికొన్నా సైకిలుకు తెలియదు. ఎక్కుడు మీద సెకనుకు 3 మీటర్ల వేగం వద్ద నిల్వ 360 జౌళ్ళే. స్థిర గేరులో చుట్టుకు కావలసినది 315 జౌళ్ళు. అంటే ఒక్క చుట్టుకు మాత్రమే సరిపోయే నిల్వ! ప్రతి నిర్జీవ స్థానంలోనూ సైకిలు వేగం తగ్గి, కాలు మరల దానిని ఎగదోయవలసి వస్తుంది. చక్రం చేసే సహాయం సమతలంలో పుష్కలంగా ఉండి, అవసరమైన ఎక్కుడులో కరగిపోతున్నదన్నమాట.

దిగుడులో కథ

ఎక్కినవాడు దిగక తప్పదు. కొంత ఏటవాలుగా ఉన్న దిగుడులో తొక్కకుండానే సైకిలు గంటకు 45 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. అప్పుడు 6.3 మీటర్ల అంగగల స్థిర గేరు పెడళ్ళు నిమిషానికి దాదాపు 120 చుట్లు తిరుగుతాయి. ఫ్రీవీలు ఉన్నవాడు కాళ్ళు ఆపుకొని విశ్రాంతి తీసికొంటాడు. స్థిర గేరువాడు సెకనుకు రెండు చుట్లు చొప్పున కాళ్ళు ఆడించాలి. ఆపబోతే పెడలే కాలును ఎగదంతుంది. మలుపు తిరిగేటపుడు సైకిలు లోపలివైపుకు వాలుతుంది గదా. ఫ్రీవీలువాడు లోపలివైపు పెడలును పైన నిలిపి ఉంచుకొంటాడు. స్థిర గేరులో ఆ పెడలు క్రిందికి రాక మానదు. నేలకు తగిలిందా, సైకిలు ఎగిరి పడుతుంది. పంట్లాం అంచో చున్నీయో చైనులో చిక్కితే మామూలు సైకిలు మీద కాళ్ళు ఆపితే చైను నిలుస్తుంది. స్థిర గేరులో సైకిలు నిలిచేవరకు చైను దానిని లోపలికి లాగుతూనే ఉంటుంది.

ఇక ఆపడం సంగతి. స్థిర గేరువాడు పెడళ్ళను వెనుకకు అదిమిపట్టి వేగం తగ్గించవచ్చును. పందెపు సైకిళ్ళకు బ్రేకులు ఉండవు. ఈ పట్టే వాటికి ఆధారం. దీనిని చూచి కొందరు రోడ్డు మీద కూడా బ్రేకు లేని సైకిలు నడుపుతారు. ఇది ఎందుకు ప్రమాదమో ప్రకృతి సూత్రాలే చెబుతాయి. బస్సు హఠాత్తుగా ఆగినపుడు ప్రయాణికులు ముందుకు తూలుతారు. అట్లాగే సైకిలు ఆగేటపుడు బరువు వెనుక చక్రం మీదనుంచి ముందు చక్రం మీదికి మారుతుంది. వెనుక చక్రం తేలికయ్యేకొద్దీ నేలను పట్టుకొనే శక్తి తగ్గి, జారడం మొదలుపెడుతుంది. కాళ్ళు ఎంత బలమైనవైనా, అవి ఆపేది ఆ తేలికైన వెనుక చక్రాన్నే.

లెక్కలో చెప్పాలంటే, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతున్న సైకిలు పొడి రోడ్డు మీద వెనుక చక్రం ఆధారంగా మాత్రమే ఆగడానికి సుమారు 10 మీటర్లు కావాలి. ముందు బ్రేకును కూడా నేర్పుగా వాడితే దానిలో సగం దూరం, సుమారు 5 మీటర్లు, చాలును. ఆ అయిదు మీటర్ల భేదంలో రోడ్డు దాటే ఒక మనిషి ఉండవచ్చును. 2016లో లండను నగరంలో ముందు బ్రేకు లేని స్థిర గేరు సైకిలు ఢీకొని, రోడ్డు దాటుతున్న ఒక స్త్రీ మరణించింది. 2017లో న్యాయస్థానం సైకిలు నడిపిన యువకునికి 18 నెలల నిర్బంధ శిక్ష విధించింది. బ్రిటిషు చట్టం స్థిర గేరు పట్టును వెనుక బ్రేకుగా ఒప్పుకొంటుంది గాని, రోడ్డుమీదికి రావాలంటే ముందు బ్రేకు ఉండి తీరాలంటుంది. ఆ నియమం వెనుక ఉన్నది పైన మనం వేసిన లెక్కే.

ఒక పాత తగవు

గేర్లు పౌరుషానికి తక్కువ అనే మాట ఈనాటిది కాదు. 1903లో ఫ్రాన్సులో టూర్ డి ఫ్రాన్స్ అనే గొప్ప సైకిలు పందెం మొదలైంది. దానిని స్థాపించిన ఆంరీ దెగ్రాంజ్ పందెం గెలవవలసినది కండలు గాని యంత్రాల ఉపాయాలు కావని నమ్మినవాడు. చైనును ఒక పళ్ళచక్రం మీదనుంచి మరొకదాని మీదికి తప్పించే సాధనాన్ని ఆయన ఆ పందెంలో పోటీదారులకు చాలాకాలం ఒప్పుకోలేదు. వారు వెనుక చక్రానికి రెండువైపులా వేరువేరు పళ్ళచక్రాలు బిగించుకొని, కొండ మొదటికి రాగానే దిగి, చక్రాన్ని ఊడదీసి, అటు ఇటు త్రిప్పి బిగించుకొని మరల ఎక్కేవారు! గేరు అవసరం లేదని చెప్పిన పందెంలోనే గేరు మార్చడం ఇట్లా జరుగుతూ వచ్చింది.

అదే కాలంలో సాంతెచ్యెన్ నగరంలో పోల్ ద వివీ అనే ఆయన తన సైకిలు పత్రికలో గేర్ల పక్షాన వాదిస్తూ, కొండదారులలో తానే తొక్కి చూపుతూ వచ్చాడు. ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలోనే స్టర్మీ ఆర్చర్ కంపెనీ హబ్బు లోపలనే మూడు గేర్లు ఇమిడ్చి అమ్మసాగింది. చివరకు దెగ్రాంజ్ పందెపు నిర్వహణనుంచి తప్పుకొన్న తరువాత, 1937లో టూర్ డి ఫ్రాన్స్ గేరు మార్చే సాధనాన్ని అనుమతించింది. ఆ ఏడు గెలిచిన రోజే లాపెబీ ఆ సాధనంతోనే గెలిచాడు.

స్థిర గేరుకు తగిన చోటు

ఇంత చెప్పిన తరువాత స్థిర గేరు పనికిరానిదని అనుకోరాదు. దానికి తగిన చోట దానికి సాటి లేదు. సైకిలు పందేలకు కట్టిన వెలోడ్రోంలో ఎక్కుడు దిగుళ్ళ రోడ్డు లేదు. నాలుగు చెరగులా ఒకే బాట. వేగం ఒకే తీరున సాగుతుంది కనుక ఒక్క గేరే చాలును. గేరు మార్చే సాధనం లేనందువల్ల బరువు తగ్గుతుంది. చైను వంకర లేకుండా తిన్నగా నడుస్తుంది. అందరూ ఒకేవైపు పోతారు. ఎవరికీ బ్రేకు లేదు కనుక ముందువాడు హఠాత్తుగా ఆగి వెనుకవానిని పడవేసే భయమూ లేదు. మన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో 2002 జాతీయ క్రీడల కోసం ఇటువంటి వెలోడ్రోం కట్టారు.

స్థిర గేరు ఏమి చేయగలదో 2022 అక్టోబరు 8న ఇటలీ క్రీడాకారుడు ఫిలిప్పో గాన్నా చూపాడు. స్విట్జర్లాండులోని గ్రెన్ఖెన్ వెలోడ్రోంలో అతడు ఒక్క గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కాడు. అతని గేరు ముందు 65 పళ్ళు, వెనుక 14. మన పద్ధతిలో లెక్కవేస్తే అంగ 9.75 మీటర్లు, గంటలో 5,800 చుట్లకు పైగా, నిమిషానికి సుమారు 97. గంటసేపు ఒకే లయ! గాలి లేని, వాలు మారని ఆ బాట మీద గేరు మార్చవలసిన అవసరం అతనికి రాలేదు. అదే సైకిలుతో అతడు మన తిరుమల కొండ దారి ఎక్కవలసివస్తే, ఆ 65 పళ్ళే అతనికి శత్రువులవుతాయి.

సమతలమైన ఊరిలో, ముందు బ్రేకు బిగించుకొని, నేర్చుకొని నడిపేవానికి స్థిర గేరు చౌక అయిన, మరమ్మతు తక్కువైన సైకిలు. తీగలు తెగవు, సాధనాలు వంగవు. గుండ్రంగా తొక్కడం నేర్పుతుంది. కొండదారులు, దూరప్రయాణాలు, బరువులు ఉన్నచోట గేర్లు కావాలి. ఈ రెంటి నడుమ ఫ్రీవీలుతో, ఒకే గేరుతో ఉన్న మన మామూలు సైకిలు, చెరువుగట్టు ఎక్కేటపుడు కొంచెం ఆయాసపెట్టినా, పల్లెలో బడికి పోవడానికి చాలును.

బడిలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు ఒక సైకిలు తెప్పించి, స్టాండు వేసి నిలిపి, విద్యార్థులచేత ముందు వెనుక పళ్ళను లెక్కపెట్టించాలి. టైరు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, పెడలును సరిగా ఒక చుట్టు నెమ్మదిగా త్రిప్పి, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. పళ్ళ నిష్పత్తితో అది సరిపోతుందా? తరువాత సైకిలును ఆటస్థలంలో నడిపించి, పెడలు ఒక చుట్టుకు అది పోయిన దూరాన్ని టేపుతో కొలవాలి. గేర్ల సైకిలు కూడా దొరికితే ఒక్కొక్క గేరుకు అంగ ఎంతో పట్టిక వ్రాయించవచ్చును. చైనుకూ పళ్ళకూ దగ్గరగా వేళ్ళు పెట్టనీయరాదు. స్థిర గేరు సైకిలు అయితే మరీ జాగ్రత్త అవసరం. తిరిగే చక్రం చైనును ఆగనివ్వదు.

చివరకు ఒక లెక్క. ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు, చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు గల సైకిలు మీద ఒక విద్యార్థిని మూడు కిలోమీటర్ల దూరంలోని బడికి ఎక్కడా ఆపకుండా తొక్కుతూ వస్తుంది. ఆమె పెడలును ఎన్ని చుట్లు త్రిప్పాలి? సమాధానం సుమారు 558. ప్రతి విద్యార్థీ తన సైకిలుకు, తన దారికి ఈ లెక్క వేసి, మరునాడు తొక్కుతూ చుట్లు లెక్కపెట్టుకొని రావాలి. లెక్కకంటె చుట్లు తక్కువ వస్తే, ఆ తేడా దారిలో ఫ్రీవీలు తనకు ఎంత విశ్రాంతి ఇచ్చిందో చెబుతుంది.